నీళ్ళు తాగే గంట

ఇంకో గ్లాసు. ఇదే ఆఖరిదని నర్సు అంది గానీ ఇందాకటి గ్లాసప్పుడూ ఆ మాటే అంది కాబట్టి చిన్నది నమ్మలేదు, కళ్ళు మూసుకుని గుక్క గుక్కగా దింపుకుంది. పొత్తికడుపు అప్పుడే బిగుసుకుపోతోంది. మూత్రాశయం నిండుగా ఉంటేనే గర్భసంచి వంపు సర్దుకుని తెరమీద తేటగా కనిపిస్తుందట, అందుకని లోపలికి పిలిచేదాకా తాగుతూనే ఉండాలట, బాత్రూం వైపు మాత్రం కన్నెత్తి చూడకూడదట. బాగానే ఉంది వీళ్ళ సంబడం అనుకుంది. ఇంత చదువు చదివి, ఇన్ని మిషన్లు పెట్టుకుని, చివరికి చేసేది మనిషికి బిందెడు నీళ్ళు పట్టించి కూర్చోబెట్టడమా. పక్క కుర్చీలో గ్లాసు చప్పుడైంది. చూస్తే పెద్దది కూడా తన గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంటోంది. "నువ్వెందుకే తాగుతున్నావు?" అంది చిన్నది. పెద్దది చేతిలో గ్లాసు వంక, చెల్లెలి వంక, మళ్ళీ గ్లాసు వంక చూసింది. "అవును కదే," అంది, "ఇందాకట్నుంచీ తాగుతున్నానా?" తాగుతోంది, ఒక్కటీ తప్పకుండా, చిన్నది ఎన్ని తాగితే అన్నీ, ఇద్దరిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. నవ్వు తన్నుకొచ్చింది గానీ ఈ కడుపులతో నవ్వితే ఇంకేమన్నా ఉందా, ఇద్దరూ పెదాలు బిగబట్టి చెరో గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. చిన్నప్పట్నుంచీ ఇదే వరస. ఒకదానికి మందు పోస్తుంటే రెండోది నోరు తెరుచుకుని వెనకాల నిలబడేది, ఒకదానికి జ్వరమొస్తే రెండోది దుప్పటి ముసుగేసుకుని మూలిగేది, అమ్మ ఇద్దరి నుదుళ్ళూ పట్టుకు చూసి అసలు రోగి ఎవరో తేల్చేది. కవలలంటే చూసేవాళ్ళకి ముచ్చటే, పెంచేవాళ్ళని అడగాలి.

గోడకవతల గదిలో, మంచులోంచి తీసిన ఆ నలుసు కూడా నీళ్ళే తాగుతోందట. చెప్పులు విప్పి, తలకి టోపీ పెట్టుకుని, ఒంటిమీద సబ్బు వాసన కూడా లేకుండా చూసుకుంటేగానీ ఎవర్నీ రానివ్వరు ఆ గదిలోకి. ఆ గది యజమానురాలు ల్యాబ్ మేడమ్ పొద్దున్నే ఒకసారి బయటికొచ్చి చెప్పి వెళ్ళింది. "కరిగించామమ్మా. ముడుచుకుని ఉంది. గడ్డకట్టించే ముందు దాంట్లో నీళ్ళన్నీ లాగేస్తాం కదా, ఇప్పుడు మెల్లిగా తాగి విచ్చుకోవాలి. ఓ గంట చూద్దాం." విచ్చుకోకపోతే, అనడిగాడు బావ, పెద్దదాని మొగుడు. బావ ఎప్పుడూ అడక్కూడనిదే అడుగుతాడు. మేడమ్, విచ్చుకుంటే నర్సొచ్చి తీసుకొస్తుంది, లేకపోతే నేనే వచ్చి చెప్తాను అంది. అప్పట్నుంచీ ఆ తలుపు కిర్రుమన్నప్పుడల్లా ముగ్గురూ మెడలు సాచి చూస్తున్నారు. మేడమ్ మంచి మనిషే పాపం, ఆవిడ మొహం మాత్రం ఈ గంటలో కనపడకూడదు. ఒకసారి తుడిచే మనిషి బకెట్టు తీసుకుని వచ్చింది, ఆ బకెట్టుని చూసి అంత సంతోషపడినవాళ్ళు ఎవరూ ఉండరు. బావ ఇక తట్టుకోలేక కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోయాడు. భయమేస్తే నిద్రపోతాడు బావ, అది ఆయన తీరు. పెళ్ళిచూపుల్లో కూడా కునికాడని పెద్దది ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ నలుసు పెద్దదానిదీ బావదీ. కడుపు చిన్నదానిది. పెద్దదాని తొలికాన్పులో బిడ్డ దక్కలేదు, నెత్తురు కట్టక ప్రాణం మీదికొచ్చి గర్భసంచి తీసేశారు. స్పృహ రాగానే అది అడిగిన మొదటి మాట, "చిన్నదేది?" అని. బిడ్డ గురించి తర్వాత అడిగింది. చిన్నది ఆ మంచం పక్కనే ఉంది, అప్పటికి తన కూతురికి మాటలొచ్చే వయసు, చంకలో ఉన్నదాన్ని దించి ఎవరికో ఇచ్చి మరీ మంచం దగ్గరికెళ్ళింది, ఎందుకంటే పిల్లని చంకనేసుకుని అక్క ముందు నిలబడటానికి సిగ్గేసింది. సిగ్గు కాదేమో, ఏమిటో, దానికి పేరు లేదు. తర్వాత ఇంకేం, సంచి లేకపోయినా అండాలున్నాయని డాక్టరు చెప్పింది, సంచి నా దగ్గరుందిగా అని చిన్నది అనేసింది. అలా అనేసింది, పక్కింటివాళ్ళకి గిన్నె ఇచ్చినంత తేలిగ్గా. అన్నాక ఇంటికెళ్ళి మొగుడికి చెబితే ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "మీ ఇద్దరి మధ్యా నేనెప్పుడు వచ్చాను గనక ఇప్పుడు రావడానికి," అన్నాడు. మంచివాడు. గురక ఒక్కటే. అక్క ఒంట్లోంచి తీసి, బావతో కలిపి, మంచులో దాచినవాటిలో కొన్ని కరిగిస్తుండగానే పోయాయి. ఒకటి చిన్నదాని కడుపులోకి వెళ్ళి, కొన్నాళ్ళుండి, ఉండబుద్ధి కాక వెళ్ళిపోయింది. మిగిలింది ఇదే. ఇదీ పోతే ఇక తీయడానికి అండాలు కూడా లేవని డాక్టరు తేల్చి చెప్పేసింది. తాగవే తల్లీ, తాగు, అనుకుంది చిన్నది గోడ వైపు చూస్తూ, మేమిద్దరం నీకు తోడుగా తాగుతూనే ఉన్నాం.

అది తల్లో తండ్రో ఎవరికి తెలుసు. దాన్ని ఒకసారి చూసింది తను. కళ్ళద్దాల షాపులో పని కదా, రోజంతా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే చేతులు, చిన్నవాటిని చూడటం అలవాటైన కళ్ళు, అయినా తెరమీద దాన్ని చూసినప్పుడు ఊపిరాడలేదు. ఇంత పెద్దగా కనిపిస్తోంది గానీ నిజానికి ఎంతుంటుంది మేడమ్ అంటే, మీ షాపులో అద్దం అరగదీస్తే రాలే పొడిలో ఒక రేణువంత అనుకో అంది ఆవిడ. ఆ రోజు ఆవిడ తీరిగ్గా ఉండి, దాచినవాటి పాత బొమ్మలన్నీ వరసగా చూపించింది. మొదట ఒక గుండ్రం. మర్నాడు దాని లోపల పక్కపక్కనే రెండు చిన్న సున్నాలు, ఒకటి అమ్మ తెచ్చింది, ఒకటి నాన్న తెచ్చింది. అవి కలిసిపోతాయి. కలిశాక రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. చిన్నది అన్ని బొమ్మల మీదా వేలుపెట్టి కొలిచినట్టు చూసి, "ఇదేంటి మేడమ్, పెరగట్లేదే?" అంది. "పెరగదమ్మా. మొదట్లో అసలు పెరగదు. పైన గుల్ల అలాగే ఉంటుంది, లోపల ఉన్నదాన్నే పంచుకుంటూ పోతుంది." పెరగకుండా పంచుకోవడం. ఆ మాట విని చిన్నదానికి ఏమైందో, మధ్యాహ్నం షాపులో అద్దం చేతిలో పట్టుకుని అలా ఉండిపోయింది, కొలత ఇచ్చినవాళ్ళు వచ్చి నిలబడ్డా చూడలేదు. వాళ్ళ చిన్నప్పటి ఇల్లు కూడా అంతే కదా, పెరగలేదు ఎన్నడూ. ఉన్న ఒక్క గదిలో నాన్న అడ్డంగా తెర కట్టాడు, తర్వాత బీరువా అడ్డం పెట్టాడు, బీరువాకి ఇవతల ఒక మంచం, ఆ మంచానికి మధ్యలో సుద్దముక్కతో పెద్దది గీసిన గీత. గీత దాటితే గిచ్చుడే. తెల్లారేసరికి గీత మీదే ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుండేవి, ఎవరి చెయ్యి ఎవరిదో అమ్మ విడదీయాల్సొచ్చేది. నాలుగోనాటి బొమ్మలో కూడా ఇదే చూపించింది మేడమ్. అప్పటిదాకా విడివిడిగా కనిపించినవన్నీ ఒకదానికొకటి ఒత్తుకుని, హత్తుకుని, ఒకటే ముద్దయిపోయి, ఎవరెక్కడ అయిపోయారో ఎవరెక్కడ మొదలయ్యారో తెలియదు.

ఆ ఒత్తుకున్నాక ఏమవుతుంది? చెప్పింది, ఏం చెప్పింది, ఆఁ, నీళ్ళు. మధ్యలోకి నీళ్ళూరి బుడగలా అవుతుంది. అప్పుడు మొదటిసారి వాటిల్లో తేడా వస్తుందట. లోపలివైపు ఒక పక్కకి చేరినవి బిడ్డ అవుతాయి. చుట్టూ అంచున ఉన్నవి మాయ అవుతాయి, బిడ్డకి తిండీ నెత్తురూ అందించే మాయ. ఎవరు బిడ్డ కావాలో ఎవరు మాయ కావాలో ఎవరు చెప్తారు మేడమ్ వాటికి? "ఎవరూ చెప్పరు. అంచుకి పడ్డది అంచవుతుంది, లోపలికి పడ్డది లోపలుంటుంది. దాదాపు అంతే." అప్పుడు చిన్నది అడక్కుండా ఉండాల్సిన మాట అడిగింది. బిడ్డ పుట్టాక మాయనేం చేస్తారు? మేడమ్ తెరమీంచి కళ్ళు తిప్పి దానివంక చూసింది. చెప్పడానికేముంది, చిన్నదానికి తెలీదా, ఒకసారి కన్నదే కదా, దాన్ని ట్రేలో వేసుకుని అటు తీసుకెళ్ళిపోతారు, తల్లి చూడను కూడా చూడదు.

అదే రోజు ఇంకో మాట కూడా అంది మేడమ్, సరదాకే అంది. రోడ్డు మీద బస్సు దారికి అడ్డంగా ఉందని ఎవరో అరిస్తే పెద్దది పక్కకి తీయడానికి పరిగెత్తింది, స్కూలు బస్సు నడుపుతుంది పెద్దది, ఆసుపత్రికి కూడా అదేసుకుని వస్తుంది, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య. దాని బస్సులో పిల్లలు దాన్ని ఆంటీ అనరు, డ్రైవరమ్మా అంటారు, దిగేటప్పుడు ఒక్కొక్కళ్ళ తలా నిమిరి పంపిస్తుంది, అందరూ దిగిపోయాక సీట్ల కింద మర్చిపోయిన పెన్సిళ్ళూ మంచినీళ్ళ సీసాలూ ఏరుతుంది. ఆ వేళ అది అలా బయటికి వెళ్ళగానే మేడమ్ నవ్వుతూ, "మీరిద్దరూ ఒకటే పిండం రెండై పుట్టినవాళ్ళు కదా, రేపు బిడ్డకి ఏ పరీక్ష చేసినా మీలో తల్లెవరో తేలదు తెలుసా," అంది. చిన్నది కూడా నవ్వింది. ఇంటికొచ్చాక నవ్వు ఆగిపోయింది. ఆ మాట మాత్రం వెళ్ళలేదు, వంట చేస్తుంటే పక్కన నిలబడేది, షాపులో అద్దం వెనకాల నిలబడేది. తల్లెవరో తేలదు. అంటే నా నెత్తురు పోస్తాను, నా కడుపులో మోస్తాను, పుట్టాక చూస్తే నా పోలికే ఉంటుంది, పరీక్ష చేసినా నా బిడ్డే అంటుంది, అప్పుడు నేను చేతులు చాపి దాన్ని ఇచ్చెయ్యాలి. ఇవ్వగలనా? కన్నప్పుడు తన కూతుర్ని ఒంటికి తుడవడానికి తీసుకెళ్తుంటేనే నర్సు చెయ్యి పట్టుకుని వదల్లేదే. ఇవ్వలేకపోతే? పుట్టాక ఇవ్వలేనంటే పెద్దది బతికుంటుందా? మొదటిది నిలవనప్పుడు అందరూ ఏడిచారు, తనూ ఏడిచింది, అంత ఏడుపులోనూ లోపలెక్కడో ఒక మూల, హమ్మయ్య, ఆ సంగతి ఇప్పుడు తేల్చక్కర్లేదు అనిపించింది. ఛీ, అదేం బుద్ధి, అని తనని తనే తిట్టుకుంది.

చెప్పాలి. నలుసుని లోపల పెట్టకముందే చెప్పాలి, పెట్టాక చెప్తే అది చెప్పడం కాదు, బెదిరించడం. ఇదిగో నాకిలా భయంగా ఉంది, నేను ఇవ్వలేకపోవచ్చు, ఇంకా ఆలోచించుకో అనాలి. పొద్దున బస్సులో వస్తున్నప్పుడు అందామనుకుంది, పెద్దది ముందు అద్దంలోంచి దీన్ని చూసి కన్నుగీటింది, తనూ తిరిగి గీటింది. మొదటి గ్లాసప్పుడు అనుకుంది. రెండో గ్లాసప్పుడు అనుకుంది. ఇప్పుడు నోరు తెరిస్తే నీళ్ళే బయటికొచ్చేలా ఉన్నాయి. అక్కా అని పిలిస్తే చాలు, అది వెంటనే ఇటు తిరుగుతుంది, ఎందుకంటే చిన్నది దాన్ని అక్కా అని పిలిచేది ఏడాదికి ఒకసారో రెండుసార్లో, మిగతా రోజులన్నీ ఏమే, ఒసేయే. పెద్దరికం ఎక్కడిది దానికి, నాలుగు నిమిషాలు ముందొచ్చిందంతే. ఒకటే అనుకున్నారట అమ్మా వాళ్ళూ, మంత్రసాని చేతులు కడుక్కోబోతూ ఆగి, ఉండండుండండి, ఇంకో మనిషుంది లోపల అందట. గుర్తుకోసం మొదటిదాని చేతికి అమ్మ ఎర్ర ఉన్నిదారం కట్టింది. నెలలోపే ఒకరోజు స్నానంలో దారం ఊడి నీళ్ళలో తేలింది, ఇద్దరూ టబ్బులో బోసినవ్వులు నవ్వుతున్నారు. అమ్మ ఇటు చూసి అటు చూసి, ఎక్కువ గట్టిగా కేకలేసేదాని చేతికి దారం కట్టేసింది. ఇది అమ్మే స్వయంగా చెప్పింది, నవ్వుతూ, ఇద్దరి ముందూ. అయినా పెద్దది మాత్రం జంకలేదు, "అంత గట్టిగా అరిచింది నేనే అయితే పెద్దదాన్ని నేనే," అని తేల్చేసింది. స్నానానికి అదే ముందు, సైకిలు నేర్చుకోవడానికి అదే ముందు, పడి కనుబొమ్మ చీల్చుకోవడానికీ అదే ముందు, పెళ్ళికీ అదే ముందు. ఒక్క తల్లి కావడంలోనే చిన్నది దాన్ని దాటిపోయింది. దాటినందుకు ఒక్కనాడూ సంతోషంగా లేదు.

తన కూతురికయితే ఇందులో ఏ గొడవా లేదు. ఆ నలుసు నాకేమవుతుందే అమ్మా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తనే లెక్క తేల్చేసింది. పెద్దమ్మ కొడుకైతే నాకు తమ్ముడు, నీ కొడుకైనా నాకు తమ్ముడే, ఆడపిల్లయితే చెల్లి, ఎటు చూసినా ఒకటే కదా, ఇంక మీరెందుకు గుసగుసలాడుతున్నారు? గడుగ్గాయి. దానికి వరస దొరికిపోయింది, చాలు. వరస దొరకనిది తనకే. పెంచితే అమ్మ, కంటే అమ్మ, మోసి ఇచ్చేస్తే ఏమంటారు? పిన్నే అంటారు, ఇప్పుడూ అదే, అప్పుడూ అదే.

ఇక కూర్చోవడం వల్ల కాలేదు. నిలబడితే కొంచెం నయంగా ఉందనిపించి చిన్నది లేచి, రెండు చేతులూ నడుముకి ఆన్చి, మెల్లగా నడవా చివరి కిటికీ దాకా వెళ్ళింది. ఎక్కడికే అంది పెద్దది. ఊరికే, ఇక్కడిదాకే. కిటికీ కింద రోడ్డు. ఒకాయన పైపుతో కారు కడుగుతున్నాడు, ఇవాళ్టికి అది చూడాల్సిన దృశ్యం కాదు, కళ్ళు తిప్పుకుంది. పెద్దదాని పసుపు బస్సు చెట్టు నీడలో ఆగి ఉంది, కిటికీలన్నీ మూసి, సీట్లన్నీ ఖాళీగా. ఆ బస్సుని చూస్తుంటే మనసు నెమ్మదించింది. విచ్చుకుని ఉంటుందా? బుడగ నిండి, పైగుల్ల పలచబడి, ఒక పక్క చిట్లి, అందులోంచి మెల్లిగా బయటికి వస్తుందని చెప్పింది మేడమ్, వచ్చినచోట ఆనుకోవడానికి వెతుక్కుంటుందట. దానికి అక్కెవరో చెల్లెవరో ఏం తెలుసు, మెత్తగా ఉందా వెచ్చగా ఉందా అంతే చూసుకుంటుంది. తాము కూడా ఒకప్పుడు అంతే కదా, ఆ పొడి రేణువంత, అమ్మ లోపల, అప్పటికింకా ఒక్కటిగా. ఏదో ఒక పూట ఏమనుకుందో ఏమో రెండయింది. గొడవ పడలేదు, గీత గీసుకోలేదు. ఆ ముందురోజు వరకూ ఉన్న ఆ ఒక్కటి ఎవరు, తనా, పెద్దదా? ఎవరైతేనేం, ఇప్పుడు వెళ్ళి చెప్పేస్తాను అనుకుంది చిన్నది. అలా అనుకుని వెనక్కి తిరిగింది.

కుర్చీ ఖాళీగా ఉంది. పెద్దదాని సంచీ ఉంది, రెండు గ్లాసులున్నాయి, మనిషి లేదు. బాత్రూంకి వెళ్ళిపోయిందేమో, దానికేం, అది వెళ్ళొచ్చు, అనుకుంటుండగా బావ ఉలిక్కిపడి కళ్ళు తెరిచి దీన్ని చూసి బిత్తరపోయాడు. "అదేంటి మరదలా, ఇప్పుడే కదా నర్సొచ్చి నిన్ను లోపలికి తీసుకెళ్ళింది?"

నర్సొచ్చింది. మేడమ్ కాదు, నర్సు. విచ్చుకుంది! ఆ మాట ముందు తగిలింది గుండెకి, నడవా గోడ పట్టుకుంది. తర్వాతిది మెల్లిగా తగిలింది. నర్సు తీసుకెళ్ళింది పెద్దదాన్ని. పొద్దున్నుంచీ నీళ్ళిచ్చిన నర్సు కాదేమో, డ్యూటీ మారి ఉంటుంది, కుర్చీలో గ్లాసు పట్టుకుని ఈ మొహం ఉంది, రమ్మంది. సరే, ఆ పిల్లకి తెలీదు. ఇదెందుకు వెళ్ళింది? నోట్లో నాలుక లేదా? చిన్నది గబగబా వెళ్ళబోయింది, కడుపు వెళ్ళనివ్వలేదు, బాతులా అడుగులేసుకుంటూ వెళ్ళి ఓరగా ఉన్న తలుపు దగ్గర ఆగింది.

పెద్దది బల్ల మీద పడుకుని ఉంది. నీలం గౌను తొడుక్కుంది, జుట్టు టోపీలో దోపుకుంది, మోకాళ్ళు మడిచింది. చూపు పైకప్పు మీద ఉంది. నర్సు గౌను మీంచే పొత్తికడుపు మీద చెయ్యి ఆనించి, "బాగా నిండిందమ్మా, చాలా బాగుంది," అంది మెచ్చుకోలుగా. ఆ మాటకి పెద్దదాని మొహంలో వచ్చింది చూసి చిన్నది గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ సంచి తీసేసిన రోజు నుంచీ ఆ కడుపు మీద చెయ్యేసి బాగుందన్నవాళ్ళు లేరు. కోత మానిందా లేదా అని చూసినవాళ్ళేగానీ బాగుందన్న డాక్టరు లేదు, నర్సు లేదు. పెద్దది కళ్ళు మూసుకుంది. తప్పని దానికి తెలుసు, ఇంకో నిమిషంలో లేవాలని తెలుసు, ఆ నిమిషాన్ని మాత్రం వదులుకోలేక ఊపిరి బిగబట్టి పడుకుంది. చిన్నదానికి కోపం రావాలి, రాలేదు. పడుకోవే, కాసేపు పడుకో, అనుకుంది, నోటిమీద చెయ్యి పెట్టుకుని, నేనిక్కడే ఉన్నాను, ఎవరికీ చెప్పను.

గోడలో చిన్న కిటికీ తెరుచుకుంది. ల్యాబ్ మేడమ్ మొహం కనిపించింది, మాస్కు మీంచి కళ్ళు మాత్రం నవ్వుతూ. లోపలికి పంపేముందు ఎవరిచేతైనా పేరు నోటితో చెప్పించి, చేతి పట్టీ మీద సరిచూసుకుంటేగానీ ఆవిడ నలుసున్న గిన్నె కదపదు. "మీ పేరు చెప్పండమ్మా." పెద్దది గౌను అంచు పిడికిట్లో పట్టుకుంది. "పేరమ్మా?" పెద్దది కళ్ళు తెరిచింది. "బిడ్డ నాదే మేడమ్," అంది నెమ్మదిగా. "కడుపు మా చెల్లిది. అది నడవాలో ఉంది, పిలవండి." అని తల తిప్పేసరికి గుమ్మంలో చిన్నది.

నర్సు మొహం పాలిపోయింది, అయ్యయ్యో అంటూ పట్టీలు చూడబోయింది, మేడమ్ కిటికీలోంచి ఏదో గట్టిగానే అంది. అక్కచెల్లెళ్ళిద్దరూ అదేం వినలేదు. పెద్దది ఒక పక్కకి తిరిగి, మోచెయ్యి ఆనించి, జాగ్రత్తగా కిందికి దిగింది. దిండు దులిపి సర్దింది. "మంచుగడ్డలా ఉందే ఈ బల్ల," అంది, చెల్లెలి మొహంలోకి చూడకుండా. "వెచ్చచేసి పెట్టాను. రా, పడుకో."

గౌను మార్చుకుని చిన్నది ఎక్కి పడుకుంది. నిజంగానే వెచ్చగా ఉంది, వీపుకీ నడుముకీ పెద్దది పడుకున్నంత మేరా వెచ్చగా ఉంది, ఆ కొలత సరిగ్గా తనకి సరిపోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ లేదు. "అక్కా," అంది. పెద్దది చటుక్కున వంగింది. "పుట్టాక నేను ఇవ్వలేకపోతేనో? నాకు భయంగా ఉందే. చాలా రోజుల్నుంచీ భయంగా ఉంది. నాది అనిపించి, ఇవ్వబుద్ధి కాకపోతే ఏం చేస్తావు?"

పెద్దది దీని టోపీలోంచి బయటికొచ్చిన వెంట్రుకల్ని లోపలికి దోపింది. "ఇవ్వలేకపోతే నువ్వూ వచ్చెయ్," అంది. "ఇంకో మంచం వేస్తా. మీ ఆయన్ని మాత్రం తేకు, ఆ గురక నేను పడలేను." చిన్నది నవ్వలేదు, కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. పెద్దది ఇంకొంచెం వంగింది, నర్సుకి వినపడకుండా. "నా భయం నీకు చెప్పనా? నువ్వు తెచ్చి నా చేతుల్లో పెట్టాక నాకేమీ అనిపించకపోతే? దాన్ని మొయ్యలేదు, కనలేదు, చూస్తే చుట్టాలపిల్లలా అనిపిస్తే? రాత్రిళ్ళు అదే ఆలోచన. నీకు చెప్తే మానేస్తావని చెప్పలేదు." ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఒకటే మొహం, ఒకదానికి కనుబొమ్మ మీద గీత, ఒకదానికి లేదు. ఇన్నాళ్ళూ చెరో ఇంట్లో, చెరో పక్క మీద, ఒకటే భయాన్ని పంచుకున్నారన్నమాట, చెరో సగం తెలియకుండా. "మానేద్దామా?" అంది పెద్దది. అడిగింది, నిజంగానే అడిగింది. చిన్నది తల అడ్డంగా ఊపింది. "ఇంత నీళ్ళు తాగాక ఎక్కడికెళ్తావే," అంది.

మేడమ్ మళ్ళీ పేరడిగింది. చిన్నది తన పేరు చెప్పింది, ఎవరి బిడ్డ అంటే అక్క పేరు చెప్పింది. తెరమీద అంతా బూడిదరంగు, మబ్బులు పట్టిన ఆకాశంలా, నిండిన మూత్రాశయం నల్లగా ఒక చెరువంత, దాని కింద సన్నటి దారి. డాక్టరు ఊపిరి మామూలుగా పీల్చుకోండి అంది. పెద్దది చెల్లెలి చెయ్యి పట్టుకుంది, రెండు చేతులూ చెమటే, ఎవరిదెక్కువో చెప్పలేం. బూడిదరంగు మధ్యలో ఒక తెల్లటి మెరుపు చుక్క జారి వచ్చి ఆగింది. "అదేనా?" అంది పెద్దది. "అది గాలి బుడగ," అంది డాక్టరు. "మనవాడు దాని పక్కనుంటాడు. మీకూ నాకూ కనపడడు." పెద్దది ఆ తెల్ల చుక్క పక్కన ఏమీ లేనిచోట కళ్ళార్పకుండా చూసింది. చిన్నది పెద్దదాన్ని చూసింది. ఏమీ అనిపించదేమోనని భయపడ్డ మనిషి, ఆ మొహం చూసుకోవడానికి దానికి అద్దం లేదు గానీ ఉంటే బాగుండేది.

ఇక వెళ్ళొచ్చన్నారు. కాసేపు కదలకుండా పడుకోవద్దా అని పెద్దది ఆదుర్దాగా అడిగితే, పడుకున్నా నిలబడ్డా ఒకటేనమ్మా, నిశ్చింతగా బాత్రూంకి వెళ్ళండి, ఏం జారిపోదు అంది డాక్టరు. నడవాలో బావ నిలబడి, ఇద్దరిలో ఎవర్ని చూసి నవ్వాలో తెలీక ఇద్దరికీ కలిపి నవ్వాడు. ఆయనతో మాట్లాడే ఓపిక ఎవరికుంది, ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్న చిన్న అడుగులతో నడవా అటు చివరికి వెళ్ళారు. తీరా చూస్తే బాత్రూం ఒక్కటే. పెద్దది ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతోంది, నుదుటి మీద చెమట, పెదవి పళ్ళ కింద. చిన్నది అలవాటు కొద్దీ పక్కకి జరిగి దారిచ్చింది. పెద్దది గబుక్కున గడియ మీద చెయ్యేసింది. వేసి, ఆగింది. ఒక్క క్షణం గోడకి నుదురానించి, కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి తీసేసి వెనక్కి జరిగింది.

"మీరిద్దరూ ముందు వెళ్ళండి," అంది.